పెట్టె మీద విందు
(ఒక ఫిల్మ్ క్లబ్ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాపల మీద చోటుంది. ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, మైకులో ఆ శబ్దమే వినబడుతోంది.

ముందు ఒక సీను చెప్తాను, తర్వాత మాట్లాడుకుందాం.

1948లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘రోప్’ అనే సినిమా తీశాడు. న్యూయార్క్‌లో ఒక ఫ్లాటు. సినిమా మొదలైన కాసేపటికే ఇద్దరు కుర్రాళ్లు తమ స్నేహితుడి మెడకు తాడు బిగించి చంపేస్తారు. శవాన్ని హాల్లో ఉన్న పెద్ద చెక్కపెట్టెలో పడేసి మూత వేస్తారు. ఆ సాయంత్రమే ఇంట్లో విందు. పిలిచినవాళ్లలో చనిపోయిన కుర్రాడి తండ్రి ఉన్నాడు, వాడు పెళ్లి చేసుకోబోయే అమ్మాయి ఉంది. భోజనాలు ఎక్కడ పెట్టారనుకున్నారు? ఆ పెట్టె మీదే. గుడ్డ పరిచి, కొవ్వొత్తులు పెట్టి, పళ్లేలు సర్దారు.

విందు అయింది. వాడింకా రాలేదేమిటని అందరూ మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు మనకు వినబడుతూనే ఉంటాయి, కెమెరా మాత్రం వాళ్ల వైపు తిరగదు. పెట్టెను చూస్తూ ఉన్నచోటే నిలబడిపోతుంది. ఇంట్లో పనిచేసే పెద్దావిడ వచ్చి పళ్లేలు తీసుకుని లోపలికి వెళ్తుంది. మళ్లీ వచ్చి కొవ్వొత్తులు తీస్తుంది. మళ్లీ వస్తుంది, గుడ్డ తీస్తుంది. ఆవిడకు ఏ తొందరా లేదు, రోజూ చేసే పనే. ఒక్క కట్ కూడా లేదు. ఇప్పుడు పెట్టె మీద ఏమీ లేదు. లోపలి నుంచి పుస్తకాలు మోసుకొస్తోంది, ఎందుకంటే మామూలు రోజుల్లో ఆ పుస్తకాలు ఉండేది ఆ పెట్టెలోనే. మూత అంచు మీద చెయ్యి వేసింది. లేపుతోంది.

ఇక్కడ ఆపుతాను. మిగతాది చివర్లో.

(సభలో నవ్వులు)

నవ్వారు గానీ, రెండో వరసలో ఉన్న ఆ అబ్బాయి ఇందాకటి నుంచి వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు, మూత దగ్గరికి వచ్చేసరికి ముందుకు వంగాడు. నేను చూశాను. వెనకటి నుంచీ నాకు అదే అలవాటు. మా నాన్న గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో సినిమా హాలు ఆపరేటర్. నా చిన్నతనమంతా ప్రొజెక్టర్ రూములోనే గడిచింది. ఆ గదికి గోడలో చిన్న చిన్న కిటికీలు ఉండేవి, ఒక దాంట్లోంచి బొమ్మ తెర మీదికి వెళ్తుంది, పక్కదాంట్లోంచి ఆపరేటర్ చూసుకుంటాడు. స్టూలు ఎక్కి ఆ కిటికీలోంచి చూస్తే నాకు తెర కంటే ముందు జనం కనబడేవాళ్లు. బాల్కనీ, కుర్చీ, బెంచీ, నేల, అన్ని క్లాసుల తలలూ వెనక నుంచి కనబడేవి. కామెడీ సీనుకు ఆ తలలు అటూ ఇటూ ఊగేవి. ఏడుపు సీనుకు వంగేవి. టెన్షన్ సీను వస్తే ఒక్కసారిగా అన్నీ కదలకుండా నిలబడిపోయేవి. నేల క్లాసులో బీడీ వెలిగించబోయినవాడు కూడా అగ్గిపుల్ల చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు.

అంతమందినీ అలా ఆపేసేది ఏమిటి? ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది అదొక్కటే.

థ్రిల్లర్ అనగానే మనవాళ్లు ట్విస్టు గురించి అడుగుతారు. ‘చివరి ట్విస్టు ఎలా ఉంది? హంతకుడు ఎవరో ముందే తెలిసిపోయిందా?’ తెలిసిపోతే సినిమా పోయినట్టే అనుకుంటాం. నా అభిప్రాయం దీనికి ఎదురు. థ్రిల్లర్‌కు అసలు బలం దాచిన రహస్యంలో కంటే ముందుగానే మనకు చెప్పేసిన నిజంలో ఉంది. పెట్టెలో ఏముందో మీకు తెలుసు కాబట్టే ఆ పెద్దావిడ చెయ్యి మూత మీద పడగానే ఊపిరి బిగపట్టారు. తెలియకపోతే అది ఇల్లు సర్దే సీను.

ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా త్రూఫో 1962లో హిచ్‌కాక్‌ను కూర్చోబెట్టి రోజుల తరబడి ప్రశ్నలు అడిగాడు. 1966లో అది పుస్తకంగా వచ్చింది. అందులో హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ సినిమా చదువుకున్నవాళ్లందరికీ తెలిసిందే. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. ప్రేక్షకుడికి 15 సెకన్ల ఉలికిపాటు. అదే బాంబు పెట్టడం మనకు ముందే చూపించి, అది ఒంటిగంటకు పేలుతుందని చెప్పి, గోడ గడియారంలో పావు తక్కువ ఒకటి చూపిస్తే? అవే కబుర్లు, అదే బల్ల. ఈసారి 15 నిమిషాల సస్పెన్స్. మనకే అరవాలనిపిస్తుంది, ఆ పిచ్చి కబుర్లు ఆపి లేచి పోండయ్యా అని.

ఇది చదివినప్పుడు నాకు హిచ్‌కాక్ కంటే ముందు కీచకుడు గుర్తొచ్చాడు.

విరాటపర్వం తీసుకోండి. మన ఊళ్లలో వానలు పడకపోతే చదివించే పర్వం అది. తిక్కన భారత రచన మొదలుపెట్టిందీ అక్కడి నుంచే. కాసేపు పుణ్యం సంగతి పక్కన పెట్టి, కథ ఎలా కట్టారో మాత్రం చూడండి. అయిదుగురు అన్నదమ్ములు, ఒక భార్య, మారువేషాల్లో ఒక రాజు కొలువులో దాక్కున్నారు. ఏడాది గడువు. ఆ లోపల ఎవరైనా గుర్తుపట్టారా, మళ్లీ పన్నెండేళ్లు అడవి. గడువు, మారువేషం, బయటపడితే అంతా పోతుందన్న భయం. ఇవాళ థ్రిల్లర్ రాసేవాడు కథ మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకునేవి ఇవే. దాంట్లోకి కీచకుడు వచ్చాడు. రాణికి తమ్ముడు, సైన్యానికి పెద్ద. సైరంధ్రి మీద కన్నేశాడు. వాణ్ణి చంపగలిగిన భీముడు వంటింట్లోనే ఉన్నాడు, కానీ బయటికొచ్చి చంపితే గుట్టు పోతుంది. అందుకే రాత్రి చీకట్లో నర్తనశాలకు ఒంటరిగా రమ్మని ద్రౌపది చేత చెప్పించారు.

వాడు బయల్దేరాడు. అలంకరించుకుని, గంధం పూసుకుని, ఉత్సాహంగా వస్తున్నాడు. ఆ చీకట్లో పడుకుని ఉన్నది ఎవరో మనకు తెలుసు, వాడికి తెలియదు. హరికథలో దాసుగారు ఈ ఘట్టాన్ని ఒక పట్టాన ముగించరు. వాడు పూసుకున్న గంధం, వేసుకున్న హారాలు, వేసే అడుగులు, అన్నీ వర్ణిస్తూ సాగదీస్తారు. ఎందుకంటే జనం కావాలనేది ఆ ఆలస్యమే. చావు ఎంతసేపట్లో తేలిపోతుంది? దాని కోసం ఎదురుచూడటంలోనే రుచి ఉంది. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఎస్వీ రంగారావు కీచకుడిగా నడిచిన నడక చూడండి. ఆ వేషానికి జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి కూడా వచ్చింది. హాల్లో కూర్చున్న ప్రతివాడికీ ఆ కథ ఉగ్గుపాలతో తెలుసు. అయినా తలలు కదలవు.

అంటే తెలిసిన కథకు సస్పెన్స్ ఉండదన్న మాట నిజం కాదు. మా నాన్న ఒకే సినిమాను రోజుకు నాలుగు ఆటల చొప్పున వారాల తరబడి వేసేవారు. మిగతా సమయమంతా స్టూలు మీద కూర్చుని రీళ్లు చుట్టుకుంటూ, ప్రొజెక్టర్‌కు వెలుతురిచ్చే కార్బన్ కడ్డీలు సరిచేసుకుంటూ ఉండేవారు. హీరోయిన్ మెట్లెక్కే సీను వచ్చేసరికి మాత్రం పని వదిలి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేవారు. నలభయ్యోసారి కూడా. ఎందుకని అడిగితే, ‘ఈసారి తప్పించుకుంటుందేమోనని’ అన్నారు. ఆ మాటను అర్థం చేసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మనసులో ఒక భాగానికి ముగింపు తెలుసు, ఇంకో భాగం ఆ అమ్మాయితో పాటు ఆ మెట్లు ఎక్కుతూనే ఉంటుంది. మంచి థ్రిల్లర్ ఆ రెండో భాగంతో మాట్లాడుతుంది.

హిచ్‌కాక్ దీన్ని ఎంతగా నమ్మాడంటే, 1958లో ‘వర్టిగో’ తీసినప్పుడు ఒక సాహసం చేశాడు. దానికి మూలమైన ఫ్రెంచి నవలలో రహస్యం చివర్లో విడుతుంది. సినిమాలో ఆయన ఆ రహస్యాన్ని ముగింపుకు చాలా ముందే ప్రేక్షకుడికి చెప్పేశాడు, హీరోకు మాత్రం చెప్పలేదు. ఆ రహస్యం ఏమిటో ఇక్కడ చెప్పను, చూడనివాళ్లు చూడండి. అక్కడి నుంచి మనం ‘అసలేం జరిగింది’ అనుకోవడం మానేసి, ‘ఇతనికి తెలిస్తే ఏమైపోతాడో’ అని భయపడటం మొదలుపెడతాం. మొదటిది కుతూహలం. రెండోది ఒక మనిషి గురించి బెంగ. కుతూహలం ఇంటికి వెళ్లేలోపు తీరిపోతుంది, బెంగ మాత్రం రాత్రి పడుకున్నాక కూడా పోదు.

ఇంటర్వెల్ గురించి చెప్పకపోతే మన సినిమా గురించి మాట్లాడినట్టే కాదు. హాలీవుడ్ థ్రిల్లర్ ఏకబిగిన నడుస్తుంది. మన దగ్గర నడిమధ్యలో లైట్లు వెలుగుతాయి, జనం లేచి బయటికి వెళ్తారు. కష్టపడి బిగించిన టెన్షన్ సమోసాల దగ్గర వదులైపోవాలి నిజానికి. మన రచయితలు దాన్నే ఆయుధంగా మార్చుకున్నారు. ఇంటర్వెల్ బ్యాంగ్ అని మనం పిలిచేది అదే. జనం చేతిలో ఒక ప్రశ్న పెట్టి బయటికి పంపుతారు. మా హాలు క్యాంటీన్ దగ్గర నిలబడితే సగం సినిమా అక్కడ నడిచేది. ‘ఆ డాక్టరే చంపాడు’, ‘కాదెహే, వాడి చూపు చూశావా’, ‘తమ్ముడి మీద అనుమానం పెట్టించారంటే తమ్ముడు కాదన్నట్టే’ అని, ముక్కూ ముఖం తెలియనివాళ్లు వాదించుకునేవాళ్లు. 1985లో వంశీ ‘అన్వేషణ’ వచ్చినప్పుడు ఇది బాగా చూశాను. తలకోన అడవుల్లో తీసిన సినిమా, ఇళయరాజా సంగీతం. తెర మీదున్న ప్రతి మనిషినీ అనుమానించేలా తీశారు. మా ఊళ్లో దాని ఇంటర్వెల్‌లో టీ చల్లారిపోయేది.

ఇంటర్వెల్ కార్డు పడ్డాక మా నాన్న వెంటనే హాలు లైట్లు వేసేవారు కాదు. స్విచ్ మీద చెయ్యి పెట్టుకుని మనసులో మూడు లెక్కపెట్టేవారు. ఒకటి, రెండు, మూడు, అప్పుడు లైట్లు. ఆ మూడు లెక్కల చీకట్లో హాల్లో ఒక శబ్దం వచ్చేది, వందల మంది ఒకేసారి ఊపిరి వదిలిన శబ్దం. సినిమా తీసినవాళ్లకు మా నాన్న ఎవరో తెలియదు. ఆ ఇంటర్వెల్‌ను పూర్తి చేసింది మాత్రం ఆయనే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ఒక కారు సంగతి. ‘సైకో’ 1960లో వచ్చింది. అప్పట్లో పేరున్న నటి జానెట్ లీ కథానాయిక. డబ్బు దొంగిలించి పారిపోతుంది. సినిమా సగం కూడా కాకముందే ఆమెను స్నానాల గదిలో చంపేస్తారు. సినిమా మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వొద్దని హిచ్‌కాక్ పట్టుబట్టాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లు హీరోయిన్ ఏదని వెతుక్కుంటారు కదా. ఆ స్నానాల గది సీను గురించి, ఆ వయొలిన్ల గురించి అందరూ చెప్తారు. నాకు దాని తర్వాతి సీను ఇంకా గొప్పది. తల్లి చేసిన హత్యను కప్పిపుచ్చుతున్న కొడుకు అని మనం అనుకుంటున్న కుర్రాడు, శవం ఉన్న కారును ఊబి గుంటలోకి తోస్తాడు. కారు మునుగుతోంది. మునుగుతూ మునుగుతూ ఆగిపోయింది. పైకప్పు బయటే ఉంది. వాడు కంగారుగా చుట్టూ చూస్తాడు. సరిగ్గా అప్పుడు మన నోట్లోంచి ఏమొస్తుంది? ‘అయ్యో, మునగలేదే!’

పది నిమిషాల కిందట ఆ అమ్మాయి చచ్చిపోతే విలవిల్లాడినవాళ్లం మనమే. ఇప్పుడు సాక్ష్యం మాయమైపోవాలని కోరుకుంటున్నాం. థ్రిల్లర్ మనకు చేసే అతి లోతైన పని ఇదే. తీర్పు చెప్పడానికి వచ్చి కూర్చున్నవాళ్లను నేరంలో భాగస్తుల్ని చేస్తుంది. ఊబిలో కారు బుడుంగున మునిగి మనం ‘హమ్మయ్య’ అనుకున్నాక, మంచి చెడ్డల గురించి మనకున్న ధీమా మునుపటిలా ఉండదు.

2013లో జీతు జోసెఫ్ మలయాళంలో ‘దృశ్యం’ తీశాడు. అందులోనూ ఒక కారు నీళ్లలో మునుగుతుంది, మనం అలాగే ఎదురుచూస్తాం. మరుసటి ఏడాది శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేశ్‌తో తెలుగులో వచ్చింది. తమిళం, కన్నడం, హిందీ సరే, 2019లో చైనాలో కూడా తీశారు. అన్ని చోట్లా ఎందుకు నడిచింది? కేబుల్ టీవీ నడుపుకునే ఒక మామూలు మనిషి, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఏం జరిగిందో, ఎవరి చేతిలో జరిగిందో మనకు ముందే చెప్పేశారు. పోలీసులకు తెలియదు. ఇంటరాగేషన్‌లో ఆ చిన్నపిల్ల నోరు తెరిచిన ప్రతిసారీ ఆ పెట్టె మూత లేస్తున్నట్టే ఉంటుంది. అన్నీ మనకు చెప్పి, ఒక్క సంగతి మాత్రం చివరి దాకా దాచుకున్నారు. దాచాల్సింది అంతే. పది దాస్తే ఏదీ గుర్తుండదు.

ఇంకో సంగతి ఉంది, అది ముఖ్యంగా మన తెలుగువాళ్లకు. హాలీవుడ్‌లో 1934 నుంచి 1968 దాకా అమలైన ప్రొడక్షన్ కోడ్ అనే నియమావళి ప్రకారం నేరం చేసినవాడు తెర మీద తప్పించుకోకూడదు. మనకు అలాంటి రాతకోతలు లేకపోయినా ఇంకో కట్టుబాటు ఉంది. హీరో దెబ్బ తినకూడదు. హీరోకు ఏమీ కాదని ముందే తెలిస్తే భయం ఎక్కడి నుంచి వస్తుంది? పదిమందిని ఒంటిచేత్తో కొట్టేవాడి తలుపు అర్ధరాత్రి ఎవరు తడితే మనకేంటి? ‘దృశ్యం’లో అంత పెద్ద హీరో పోలీసుల చేతిలో తన్నులు తింటాడు, చెయ్యి ఎత్తడు. నేను చూసిన హాల్లో ఆ సీనుకు ఈల వెయ్యాలని వచ్చిన కుర్రాళ్లు కూడా నోరు మూసుకుని కూర్చున్నారు. ‘క్షణం’, ‘ఎవరు’, ‘హిట్’ లాంటివి పెద్ద స్టార్లు లేకుండానే ఆడటానికి నాకు తోచే కారణం ఇదే. ఆ ముఖాలకు ఏమైనా కావచ్చు.

ఇప్పుడు నాకు బాధ కలిగించే విషయాలు రెండు చెప్తాను. కోపంతో కాదు, ఇష్టం కొద్దీ.

ఒకటి శబ్దం. ‘సైకో’ స్నానాల గది సీనుకు మొదట సంగీతమే వద్దనుకున్నాడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తను చేసింది వినిపించాక మనసు మార్చుకున్నాడు. అంటే ఆ వయొలిన్లు నిశ్శబ్దంతో పోటీపడి గెలిచి వచ్చాయి. ఇవాళ మన థ్రిల్లర్లలో తలుపు తెరిచినా, ఫోను మోగినా బీజీఎం, అదే నేపథ్య సంగీతం, ఢాం అంటుంది. ఎక్కడ భయపడాలో ముందే చెప్పేస్తే ఇక మనం వెతుక్కునేదేముంది? పాటలంటారా, వాటి మీద నాకు కోపం లేదు. ‘అన్వేషణ’ పాటలు తీసేస్తే ఆ అడవే ఉండదు. పాటలు లేకుండానూ నడుస్తుంది. 1954లోనే తమిళంలో ఎస్. బాలచందర్ ఒక్క పాట లేకుండా ‘అంద నాళ్’ తీశాడు, శివాజీ గణేశన్‌ను పెట్టుకుని, అదీ మొదట్లోనే ఆయన్ని తుపాకీతో కాల్చి చంపి.

రెండోది మోసం. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు మతగురువు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. మొదటిది, నేరస్తుడు కథలో ముందుగానే కనబడిన మనిషై ఉండాలని. మన సినిమాల్లో రెండు గంటలు ఒకరి తర్వాత ఒకరిని అనుమానించనిచ్చి, చివర్లో ఎవడో కొత్తవాణ్ణి తెచ్చి, వాడికో ఇరవై నిమిషాల ఏడుపు ఫ్లాష్‌బ్యాక్ పెడతారు. ఆ క్యాంటీన్ దగ్గర వాదించుకున్నవాళ్లకు అది అన్యాయం. వాళ్లు తమ బుర్ర పెట్టి ఆడారు. చిన్నప్పుడు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరం మాది. చివరి పేజీ చదివి వెనక్కి తిప్పుకుంటూ, ‘అరె, ఇక్కడే ఉంది కదా, నేను చూడలేదు’ అనుకోవడంలో ఉన్న ఆనందం వేరు. ఓడిపోయామన్న బాధ ఉండదు దాంట్లో.

ఓటీటీ గురించి అడుగుతారని తెలుసు. ‘దృశ్యం 2’ 2021లో నేరుగా ఓటీటీలోనే వచ్చింది, నేనూ ఇంట్లోనే చూశాను. మంచి సినిమా. కానీ మధ్యలో మా ఇంటి కుక్కర్ కూసింది, పాజ్ నొక్కాం. చేతిలో రిమోట్ ఉన్నవాడికి సస్పెన్స్ పూర్తిగా పట్టదు. హాల్లో మనకు ఆపే అధికారం లేదు. తెలుసు, చెప్పలేం, ఆపలేం, లేచి వెళ్లలేం. పైగా పక్కన ఉన్న మూడొందల మందిదీ అదే స్థితి. నేల క్లాసులోంచి ఎవడో ఒకడు ‘వెళ్లొద్దమ్మా!’ అని కేక వేసేవాడు. ఆ కేక మనందరి తరఫునా వేసినట్టు ఉండేది.

సమయం అయిందని సైగ చేస్తున్నారు. సరే. పెట్టె మూత సంగతి మీకు బాకీ ఉన్నాను. ఆ సీను ఇప్పుడు వేస్తారు, కొన్ని నిమిషాలే. మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి, అర్థం కాకపోయినా పర్వాలేదు, వాటిని పట్టించుకోకుండా ఆ పెద్దావిడను మాత్రం చూడండి. ఎన్నిసార్లు వచ్చి వెళ్లిందో లెక్కపెట్టండి. ఫోన్లు జేబులో పెట్టుకోండి. ఆ ఫ్యాను కూడా ఆపేద్దాం, ఈ కాసేపు ఉక్క పోసినా ఓర్చుకుందాం.

బాబూ, లైట్లు ఆపు. ఆపాక బొమ్మ వెంటనే వెయ్యకు. మూడు లెక్కపెట్టి మొదలుపెట్టు.